పేరు లేని మెసేజ్‌లు

"అన్‌బ్లాక్ చెయ్యాలె. గది నా కండ్ల ముంగట జరగాలె. అప్పటిదాంక ఈ ఇంట్ల నేను చాయ తాగ."

జగదీశ్వర్ ఆ మాట అని, స్టూలు మీది కప్పును రెండు వేళ్లతో అవతలికి నెట్టాడు. అప్పటికే సగం తాగేశాడన్న సంగతి ఆయన మరిచిపోయాడు గానీ యమున మరిచిపోలేదు.

శనివారం సాయంత్రం బడి నుంచి ఆమె ఇల్లు చేరేసరికే పంచాయితీ కూర్చుని ఉంది. క్వార్టర్ ముందు గదిలో ఉన్న మంచి కుర్చీలు రెండూ పెద్దమనుషుల కింద ఉన్నాయి. ఒకటి ఇంటల్లుడు జగదీశ్వర్‌ది, ఇంకొకటి పెద్దమామ సదయ్యది. అత్త సారవ్వ గోడవారగా చాప మీద కూర్చుంది. ఆమె పక్కన కూతురు స్వరూప, జగదీశ్వర్ పెళ్లాం. యమున మొగుడు ఎల్లేశం నడుముకు బెల్టు బిగించుకుని మంచం అంచున, కూర్చున్నట్టూ కాకుండా లేచినట్టూ కాకుండా ఒరిగి ఉన్నాడు. కంప్యూటర్ బల్ల ముందున్న ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా ఉంది. అది ఎవరి కోసమో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

యమున చెప్పులు విడిచి, భుజాన బ్యాగు అలాగే ఉంచుకుని నిలబడింది.

"అసలు గీ బ్లాకంటే ఏందిర?" అన్నాడు సదయ్య. ముప్పై ఏళ్లు గనిలో చేసి దిగిపోయిన మనిషి. పొలం గట్ల తగాదాలూ, అలిగి పుట్టింటికి పోయిన కోడళ్ల తగాదాలూ చాలా తెంపాడు. ఇలాంటిది మాత్రం ఆయన చెవిన పడటం ఇదే మొదలు.

"ఏమున్నది మామా? నేను ఈమె ఇంటికి వచ్చిననుకో. నన్ను చూసి తలుపు నా మొఖం మీద ఏసినట్టు. ఏసి లోపలికెళ్లి గొళ్లెం వెట్టినట్టు. ఇంటల్లుని ఇజ్జత్ తీసుడు గిదే."

"మరి నువ్వు ఇంట్లనే కూసున్నవు గద?"

"గది వేరే ఇల్లు మామా. కంప్యూటర్ల ఉంటది."

సదయ్య కంప్యూటర్ వైపు చూశాడు. అందులో ఇల్లు ఎక్కడుంటుందో ఆయనకు అంతుపట్టలేదు.

"లోకానికి తెల్వది పెద్దమామా," అంది యమున. "నాకు, ఆయనకు తప్ప ఇంకెవ్వరికి తెల్వది. ఆయన చెప్పుకుంటేనే తెలుస్తది."

"ఎట్ల తెల్వది? మా యూనియన్ పోరగాండ్లు అడిగిండ్రు. అన్నా, నీ చెల్లె ఫోటోల కింద నీ కామెంట్లన్ని ఏడవోయినయని అడిగిండ్రు. ఏం చెప్పాలె నేను?"

నలభై ఆరేళ్ల మనిషికి వచ్చిన కష్టం చూడండి. కామెంట్లు పోయాయట.

నిరుటిదాకా జగదీశ్వర్‌కు ఫోనులో నంబరు కలపడం తప్ప మరేం రాదు. సకల జనుల సమ్మెలో గనులు ఆగిపోయి, షిఫ్టులు లేక జనమంతా టెంట్ల కింద కూర్చున్న రోజుల్లో ఎవరో ఆయనకు ఫేస్‌బుక్ తెరిచిపెట్టారు. సమ్మెలో తక్కినవాళ్లు జీతాలు పోగొట్టుకున్నారు, ఈయన ఒక అకౌంట్ సంపాదించుకున్నాడు. అప్పట్నుంచి రోజుకు పది ఫోటోలు. దండ వేయించుకుంటూ ఒకటి, దండ తీస్తూ ఒకటి, ఎవరి భుజం మీదో చెయ్యి వేసి దూరంగా ఎటో చూస్తూ ఒకటి. ప్రతి ఫోటోకూ అరవై మంది పేర్లు తగిలించేవాడు. అందులో యమున పేరు తప్పకుండా ఉండేది.

రిక్వెస్ట్ వచ్చినప్పుడు ఆమె ఒప్పుకోకుండా ఎలా ఉంటుంది? ఆడబిడ్డ మొగుడు, వరసకు అన్న. మొదట్లో ఫోటోల కింద 'సూపర్ చెల్లె' అని రాసేవాడు. కొన్నాళ్లకు ఆ రాతలు నలుగురూ చూసే చోటు నుంచి ఆమె ఒక్కతే చూసే చోటుకు మారాయి. ఆమె బడిలో పిల్లలకు కంప్యూటర్ పాఠం చెప్పే వేళ చూసుకుని, పగలు పదకొండింటికి వచ్చేవి. ప్రతిదీ 'చెల్లె' అనే మొదలయ్యేది. ఆ తర్వాతవి మాత్రం చెల్లెలితో అనే మాటలు కావు.

"బిడ్డా," అంది సారవ్వ. "ఒక్క బటనొత్తితె అయిపాయె గద. ఎందుకింత మొండి?"

"అత్తమ్మా, నేనెందుకు బ్లాక్ చేసిన్నో అడుగరు. మళ్ల తియ్యుమంటనే ఉన్నరు."

"అడిగినం. నువ్వేందో చెప్పినవు, ఎల్లేశం చూసిండు. అండ్ల అల్లుని పేరే లేదన్నడు."

యమున ఎల్లేశం వైపు చూసింది. అతను తన కాలి గోళ్ల వైపు చూసుకుంటున్నాడు.

నిజమే, పేరు లేదు. రెండు వారాల కిందట చివరి మెసేజ్ చదివి ఒళ్లు మండి బ్లాక్ చేసింది. ఆ సాయంత్రమే మొగుణ్ణి కూర్చోబెట్టి అన్నీ తెరిచి చూపించింది. పంపినవాడి పేరు ఉండాల్సిన చోట ఆ పేరు పోయి, 'ఫేస్‌బుక్ యూజర్' అని మాత్రం మిగిలింది. ఫోటో ఉండాల్సిన చోట బూడిదరంగు తలకాయ. అన్నీ చదివి ఎల్లేశం ఏమన్నాడో ఆమెకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ఎవడో యూజర్ అంట. ఇండ్ల బావ పేరు ఏది? పేరు చూపియ్యి, నేనే పోయి వాని కాలర్ వట్టుకుంట."

పేరు చూపించమన్నాడు. అంతవరకు మగవాడిలాగే మాట్లాడాడు.

"యమునా," అన్నాడు ఎల్లేశం ఇప్పుడు, గోళ్ల మీది నుంచి చూపు ఎత్తకుండానే. "సోమవారం నాకు ఫస్టు షిఫ్టు. తెలుసు గద."

తెలుసు. ఆ ఇంట్లో రెండు వారాలుగా తిండీ నిద్రా ఆ సోమవారం చుట్టే తిరుగుతున్నాయి. గనిలో పైకప్పు రాయి ఊడి నడుము మీద పడ్డాక మూడు నెలలు దవాఖానలోనూ మంచం మీదా గడిచాయి. వంగి పని చేస్తే మళ్లీ లేవలేవని డాక్టర్ మొహం మీదే చెప్పాడు. సోమవారం లోపల, గనిలోకి దిగక్కర్లేని 'పైన డ్యూటీ' కాగితం చేతికి వస్తే లాంప్ రూములో కూర్చుని దీపాలు ఇచ్చే పని దొరుకుతుంది. రాకపోతే టోపీ పెట్టుకుని మళ్లీ కిందికి దిగాల్సిందే. రోజూ పొద్దున ఆ నడుముకు నూనె రాసేది యమునే. ఏ ఎముక దగ్గర వేలు పెడితే అతను పళ్లు కొరుకుతాడో ఆమెకు తెలుసు. అతని మీద ఎంత అసహ్యం కలిగినా ఆ నడుము గుర్తొస్తే ఆమె గుండె కలుక్కుమంటుంది.

ఆ కాగితం జగదీశ్వర్ మాట మీద ఉంది. ఆయన యూనియన్‌లో ఆ గనికి పిట్ లీడరు. ఇలాంటి లీడర్లది ఒక పద్ధతి ఉంది. ఆఫీసులో ఎవరి ఆర్డరు తయారైనా, 'మావోడే, నేనిస్త తియ్యి' అని గుమస్తా దగ్గర తీసుకుని జేబులో పెట్టుకుంటారు. ఆ మనిషి నాలుగు సార్లు ఇంటి చుట్టూ తిరిగి దండం పెట్టాక, అప్పుడే తామే పుట్టించినట్టు బయటికి తీసి ఇస్తారు.

"నేను మేనేజర్‌తోని మాట్లాడేటోన్నే," అన్నాడు జగదీశ్వర్, అందరినీ కలిపి ఒకసారి చూసి. "నోటిదాంక వచ్చింది. గాని ఇజ్జత్ లేని కాడ నేనెట్ల నోరు తెరుస్త? నీకోసం కాదుర ఎల్లేశం, నువ్వు నా బామ్మర్దివి. నీ పెండ్లాం చేసిన పనికి నా మనసు విరిగింది."

"మాఫ్ చెయ్యి బావా," అన్నాడు ఎల్లేశం.

అతను ఆ మాట ఎంత సులువుగా అన్నాడంటే, పొద్దుటి నుంచి నోట్లో పెట్టుకుని ఉన్నట్టుంది.

యమున బ్యాగు తీసి తలుపు కొక్కేనికి తగిలించింది. ఆమెకు లోపల ఒక నిమ్మళం ఉంది. మధ్యాహ్నం బడిలో కంప్యూటర్ గదికి తాళం వేయకముందు, తనతోపాటు పాఠాలు చెప్పే సుజితను పక్కన కూర్చోబెట్టుకుంది. సుజిత తండ్రి ఇదే గనుల్లో క్లర్కు చేసి దిగిపోయాడు. ఇలాంటి లీడర్ల కథలు ఆ పిల్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. యమున ఆమెను బ్లాక్ చేసి చూసింది. సుజిత పంపిన పాత మెసేజ్‌ల మీద పేరు పోయింది, బూడిద తలకాయ వచ్చింది. మళ్లీ తీసింది. పేరు తిరిగొచ్చింది. ప్రతి మెసేజ్ మీదా, ఫోటోతో సహా.

"అక్కా, ఇగో సూడు, నేను మళ్ల బతికిన," అని నవ్వింది సుజిత. తర్వాత నవ్వు ఆపి, తెర మీద ఒక చోట వేలు పెట్టింది. "గని గిది చదువు. ఒక్కసారి తీసినంక రెండు దినాలు మళ్ల బ్లాక్ చెయ్యనియ్యదట. ఆయన ఏం రాసినా గా రెండు దినాలు నువ్వు చూడాల్సిందే."

శనివారం తీస్తే సోమవారం దాకా. యమున దారి పొడుగునా ఆ లెక్కే వేసుకుంటూ వచ్చింది. పేరు తేలితే ఎల్లేశం కాలర్ పట్టుకుంటాడు, కాగితం ఇక ఎప్పటికీ రాదు. తేలకపోతే కాగితం రావచ్చు, ఆ మనిషి ఇంటికొచ్చి చాయ తాగుతూ 'చెల్లె' అంటూనే ఉంటాడు. ఏది చేయాలో తేల్చుకోకుండానే గడప తొక్కింది. లోపల చూస్తే, ఆ మహానుభావుడు తన కాళ్లతో తానే నడిచొచ్చి, తెర ఉన్న గదిలోనే కుర్చీ వేసుకుని ఉన్నాడు.

ఎల్లేశం నోట 'మాఫ్ చెయ్యి' అన్న మాట విన్నాక ఆమెకు తేల్చుకోవడానికి ఏమీ మిగల్లేదు.

"తీస్త," అంది.

సారవ్వ ముఖం వెలిగింది. "నా తల్లి! నేను చెప్పలేనా, మా కోడలు మాట కాదనదని?"

"గని ఒక్క షరతు. తీసినంక అండ్ల ఏమేం రాసున్నదో ఇక్కడున్నోళ్లంత చూడాలె. చూసినంకనే లేవాలె."

జగదీశ్వర్ పెద్దగా నవ్వాడు. నవ్వుతూ కుర్చీలో వెనక్కు వాలాడు.

"చూడుండ్రి. నాకేం దాపరికం? నేను పబ్లిక్ మనిషిని."

ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో యమునకు తెలుసు. ఆయన వైపు కూడా ఆమె పేరు మాయమైంది కదా. తనకు కనిపించనిది లోకంలోనే లేదనుకునే రకం. వెంట తిరిగే ఏ పోరడో 'బ్లాక్ చేస్తే అన్ని సాఫ్ అయితయన్నా' అని చెప్పి ఉంటాడు. నాయకుడికి అంతకంటే చదువు అవసరం పడలేదు.

సదయ్య గొంతు సవరించుకున్నాడు. ఇది మాత్రం ఆయనకు తెలిసిన పని.

"ఇగ ఇద్దరు వినుండ్రి. కోడలు తియ్యాలె, అల్లుడు మనసుల పెట్టుకోవద్దు. తీసినంక అందరం చూడాలె, చూసేదాంక ఎవ్వరు లేవద్దు. కబూలేనా?"

"కబూలే," అన్నాడు జగదీశ్వర్.

"కబూలే," అంది యమున.

స్వరూప మాత్రం ఏమీ అనలేదు. వచ్చిన దగ్గర్నుంచి ఆమె నోరు తెరవలేదు. మొగుడు మాట్లాడే చోట ఆమె ఎప్పుడూ అంతే. కొంగు కొస వేలికి చుట్టుకుని, విప్పుకుని, మళ్లీ చుట్టుకుంటూ కూర్చుంటుంది. యమున ఇన్నేళ్లలో ఆమెను మంచిదనీ అనుకోలేదు, చెడ్డదనీ అనుకోలేదు. జగదీశ్వర్‌తో కాపురం చేయగలిగిన మనిషి గురించి అంతకుమించి ఆలోచించబుద్ధి కాలేదు.

కంప్యూటర్ లేచింది. యమున ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పాస్‌వర్డ్ కొట్టింది. బ్లాక్ చేసినవాళ్ల జాబితా తెరిచింది. అందులో ఉన్నది ఒక్కటే పేరు. 'లీడర్ జగదీశ్వర్ అన్న'. తనను తానే అన్న అని పిలుచుకున్న మనిషిని ఆమె ఇంకెక్కడా చూడలేదు.

పక్కన మీట నొక్కగానే ఒక చిన్న పెట్టె తెరుచుకుంది. నిజంగానే తీయాలనుకుంటున్నారా అని అడిగింది. ఈ రెండు వారాల్లో ఆమెను ఆ మాట అడిగింది ఈ యంత్రమొక్కటే.

ఆమె అవునని నొక్కింది.

"అయిందా?" అన్నాడు సదయ్య.

"అయింది."

"గింతేనా? గీదానికా నన్ను వకీల్‌పల్లి కాడికెళ్లి ఆటోల పిలిపిచ్చిండ్రు?"

జగదీశ్వర్ అప్పటికే జేబులోంచి ఫోను తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఇంక అయిపోలే. ఇప్పుడు ఆమె దిక్కుకెళ్లి రిక్వెస్ట్ రావాలె. నేను పంప. ఆమె పంపాలె, నేను ఒప్పుకోవాలె. గప్పుడు అయిపోయినట్టు."

"పంపు బిడ్డా, గదొక్కటెందుకు ఆపుడు," అంది సారవ్వ పక్కనున్న ఖాళీ చాయ గిన్నె అందుకుని లేవబోతూ. "నేను మళ్ల చాయ వెడత. అల్లుడా, పాలు ఎక్కువ పోస్త తియ్యి."

"కూసోండ్రి అత్తమ్మా," అంది యమున. "కబూలు సగమే అయింది."

ఆమె మెసేజ్‌లు తెరిచింది.

బూడిద తలకాయలన్నీ పోయాయి. ప్రతి మాట పక్కనా ఒక ఫోటో. సమ్మె టెంటులో మెడ నిండా బంతిపూల దండ, పైకెత్తిన పిడికిలి. ప్రతి మాట మీదా అదే పేరు, లీడర్ జగదీశ్వర్ అన్న. పైకి జరిపినకొద్దీ దండలు, పిడికిళ్లు, దండలు, పిడికిళ్లు.

జగదీశ్వర్ మోకాలి మీది ఫోను కిందపడింది.

"గియ్యెక్కడియి? పోయినయి గద!"



"ఏం పోయినయి అల్లుడా?" అన్నాడు సదయ్య.

జగదీశ్వర్ వంగి ఫోను వెతుక్కున్నాడు. అది కాళ్ల దగ్గరే ఉంది. దాన్ని తీసుకోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

సదయ్య కళ్లజోడు పెట్టుకుని లేచి, తెరకు దగ్గరగా వచ్చాడు. రోజూ పేపరును మొదటి పేజీ నుంచి చావు కబుర్ల దాకా వదలకుండా చదివే మనిషి. ఇప్పుడు మాత్రం కళ్లజోడును పైకీ కిందికీ జరిపి వెనక్కు తగ్గాడు.

"ఇంగిలీషు గద ఇది?"

"తెలుగే పెద్దమామా. ఇంగ్లీషు అక్షరాలల్ల రాసిండు."

"నాకు రాదు బిడ్డా. సారవ్వకు అసలే రాదు." ఆయన చుట్టూ చూశాడు. "ఎల్లేశం, నువ్వు పదో తరగతి దాంక వోయినవు. లే. నువ్వు చదివి చెప్పు."

యమున తన కుర్చీలోంచి లేచి, దాన్ని అతని వైపు తిప్పింది. ఎంత అసహ్యించుకున్నా, ఆ క్షణంలో ఆమెకు అతని మీద ఆశ కలిగింది. పేరు చూపించమన్నాడు, చూపించింది. ఒకటి కాదు, ఎనభై సార్లు చూపించింది.

ఎల్లేశం నడుము మీద చెయ్యి వేసుకుని, మంచం మీద నుంచి బల్ల దాకా నాలుగు అడుగులు వేశాడు. కుర్చీలో మెల్లగా కూర్చున్నాడు. పెదవులు కదుపుతూ చదవసాగాడు. అవి అతను ఒకసారి చదివినవే. చెవుల అంచులు ఎర్రబడ్డాయి. ఒక చోట పెదవులు ఆగిపోయాయి. ఏ మాట దగ్గర ఆగాడో యమునకు చూడకుండానే తెలుసు.

"ఎల్లేశం," అన్నాడు జగదీశ్వర్. గొంతులో ఇప్పుడు ఎక్కడా విరిగిన మనసు లేదు. "సోమవారం ఫస్టు షిఫ్టే గద నీది? పొద్దుగాల ఆరింటికి?"

ఎల్లేశం వీపు మీద బెల్టు బిగిసింది.

"ఏమున్నదిర?" అన్నాడు సదయ్య.

ఎల్లేశం తెర మీది నుంచి చూపు తిప్పలేదు. యమున వైపు అసలే తిప్పలేదు.

"ఏం లేదు పెద్దబాపు," అన్నాడు. "గుడ్ మార్నింగులే. రోజు గుడ్ మార్నింగ్ పెట్టిండు."

సారవ్వ గట్టిగా ఊపిరి వదిలింది. "నేను చెప్పలేనా? దేవుని లెక్క అల్లుడు."

జగదీశ్వర్ కాలి మీద కాలు వేసుకున్నాడు. పక్కకు నెట్టిన చాయ కప్పును మళ్లీ దగ్గరికి లాక్కుని, చల్లారిందని ముఖం చిట్లించాడు.

యమునకు కోపం రాలేదు. కోపం రావాలంటే ఎదుటి మనిషిలో ఎక్కడో ఒక చోట నిలబడేది ఏదో ఉండాలి. ఈ మనిషి విరిగిన నడుముకు ఆమె మూడు నెలలు నూనె రాసింది. విరిగింది నడుమొక్కటే అనుకుంది. ఇప్పుడు తానే చదువుదామని నోరు తెరిచింది. మొగుడే గుడ్ మార్నింగులని తేల్చాక పెళ్లాం చదివితే ఎవరు నమ్ముతారు? అత్త నమ్ముతుందా? రెండు రోజులు ఆ తలుపు ఇక మూయడానికి కూడా వీల్లేదు. ఆమె నోరు మూసుకుంది.

అప్పుడు చాప మీద నుంచి ఒక గొంతు వినిపించింది.

"గుడ్ మార్నింగ్ గింత పొడుగుంటదార తమ్మీ?"

స్వరూప లేచి వచ్చింది. తెర దగ్గర వంగి, అంటీ అంటనట్టు వేలు పెట్టి, ఒక మెసేజ్ వరసలు మీది నుంచి కిందికి లెక్కపెట్టింది. "ఒకటి, రెండు, మూడు... ఏడు వరసలున్నయి. నాకు చదువు రాదు గని, ఇంట్ల పెద్ద క్యాలెండర్ మీద గుడ్ మార్నింగ్ ఉన్నది. ఎన్ని అక్షరాలో రోజు చూస్త."

"అక్కా, నీకు తెల్వది, పోయి కూసో," అన్నాడు ఎల్లేశం.

"నాకు తెల్వదనే అడుగుతున్న. యమునా, నువ్వు చదువు. ఆఖరుది చదువు సాలు."

"స్వరూపా, లే, పోదాం," అంటూ జగదీశ్వర్ లేచాడు.

"నువ్వు కూసో," అంది స్వరూప అటు తిరక్కుండానే. "చూసేదాంక లేవనని కబూలు చేసినవు. చాయ గూడ తాగలే గద ఇంక."

సదయ్య చెయ్యి చూపించాడు, కూర్చోమన్నట్టు. జగదీశ్వర్ కూర్చున్నాడు. ఆ కుర్చీ ఇందాకటిదే, ఆయన మాత్రం అది కాస్త ఇరుకైనట్టు ఇబ్బందిగా కదిలాడు.

యమున ఎల్లేశం భుజం మీదుగా వంగి, ఆఖరి మెసేజ్ చదివింది. బడిలో హాజరు పిలిచేటప్పటి గొంతుతో, ఒక్క మాట కూడా కలపకుండా చదివింది.

"చెల్లె. నీలం చీరల నిన్ను చూసినప్పటి సంది నాకు డ్యూటీల మనసు నిలుస్తలేదు. నువ్వేమో జవాబే ఇస్తలేవు. నీ మొగని పైన డ్యూటీ కాగితం వచ్చి మూడు దినాలాయె. నా జేబుల ఉన్నది. నువ్వు ఒక్కసారి మంచిగ మాట్లాడు, పొద్దుగాల్నే తెచ్చిస్త. లేకుంటె ఆ కాగితం జేబులనే ముసలిదైతది. ఎల్లేశంకు చెప్పకు. చెప్పినా వాడేమంటడు?"

సారవ్వ చేతిలోని ఖాళీ చాయ గిన్నె మెల్లగా నేల మీదికి దిగింది. ఎల్లేశం మాత్రం కుర్చీలో తల వంచుకుని కూర్చున్నాడు. చెప్పినా వాడేమంటాడో ఇప్పుడే అందరూ విన్నారు.

"అబద్ధం," అన్నాడు జగదీశ్వర్. "కంప్యూటర్ టీచరామె. ఏదన్న రాస్తది, ఎవని పేరన్న పెడ్తది. ఏ కాగితం? నా దగ్గర ఏ కాగితం లేదు."

"అవు. నీ దగ్గర లేదు," అంది స్వరూప.

ఆమె గొంతు పెరగలేదు. మొగుడి వైపు పూర్తిగా తిరిగింది.

"బేస్తారం నాడు నీ తెల్లంగి నానవెడుతుంటె జేబుల ఒక కాగితం దొర్కింది. నాలుగు మడతలు, గుండ్రటి ముద్ర. చదువరాకపాయె. నీళ్లల్ల పడితె ఖరాబైతదని బీరువల దాసిపెట్టిన. నువ్వు అప్పటిసంది ఇల్లంత ఎతుకుతున్నవు. మంచాల కింద ఎతికినవు, బియ్యం డబ్బాల ఎతికినవు. ఏం ఎతుకుతున్నవు అంటె, నీకెందుకే అన్నవు."

జగదీశ్వర్ చెయ్యి తనంత తానే చొక్కా జేబు మీదికి పోయింది. అక్కడ ఒక పెన్ను తప్ప ఏమీ లేదు.

స్వరూప నడుముకు చెక్కుకున్న తాళంచెవుల గుత్తిని తడిమి చూసుకుంది.

"గది మా తమ్ముని కాగితమేనా?"

ఆయన జేబు మీద నుంచి చెయ్యి తీసేశాడు.

ఎల్లేశం కుర్చీలోంచి లేచాడు. ఇందాకటి దాకా లేని చురుకు అతని ముఖంలో కనిపించింది. నడుము మీద చెయ్యి వేసుకోవడం కూడా మరిచిపోయాడు.

"అక్కా, తాళంచెవి ఇయ్యి. బండి మీద ఎవరినన్న తోలుకోని జల్ది పోయి తెచ్చుకుంట. సోమవారానికి అందుతది."

చాచిన ఆ అరచేతిని స్వరూప చూసింది. యమున కూడా చూసింది. రెండు వారాల కింద ఇదే చెయ్యి కాలర్ పట్టుకుంటానంది.

"ఇస్త," అంది స్వరూప. "నీ కాగితం నాకెందుకు? నీ నడుము మంచిగుండాలె. గని ముందుగాల కూసో."

"ఎందుకక్కా?"

"ఆ గుడ్ మార్నింగులున్నయి గద, మొదటికెళ్లి మొత్తం చదువు. యమున చదువది. నువ్వే చదువు. అవ్వకు, పెద్దబాపుకు, నాకు వినిపియ్యాలె. మీ బావ ఈడనే కూసోని వింటడు. ఆఖరు దాంక చదివినంక తాళంచెవి నీ చేతుల వెడత."

ఎల్లేశం జగదీశ్వర్ వైపు చూశాడు. తర్వాత గుత్తి వైపు చూశాడు. యమున వైపు చూసే ధైర్యం ఇప్పటికీ రాలేదు.

యమున ముందుకు వంగి, దండలూ పిడికిళ్లూ అన్నీ దాటించి తెరను మొట్టమొదటి మెసేజ్ దాకా జరిపింది. మౌస్‌ను అతని చేతికి అందేలా పెట్టింది. కుర్చీ వెనక్కు లాగి పట్టుకుని, అతను కూర్చోవడం కోసం నిలబడింది.